మొద్దు ములికి మొక్కు

నీలికోన అడవి వాకిట గుర్రం దిగిన శరభాంకుడికి కుందేళ్ళ కంటే ముందు ములుకులు కనిపించాయి.

ఎర్రటి జంబుఖానా పరిచి, దాని మీద వరసలు వరసలుగా బాణపు ములుకులు పేర్చి ఉన్నాయి. విదియ చంద్రుడిలా వంగినవి, చేప తోకలా చీలినవి, ఆకులా వెడల్పయినవి, దబ్బనంలా సన్ననివి. లేత ఎండ వాటి మీద పడి ఎగిరి, ఎదురుగా ఉన్న ఏనుగు దంతాల తోరణం మీద వెలుగు ముక్కలై ఆడుతోంది. తోరణానికి అవతల మోదుగుపూలతో నిండిన కొండవాలు, దాని కింద మంచు ఇంకా విడవని లోయ, లోయలో ఎక్కడో పేరు తెలియని పిట్ట పాట. చూడటానికి వచ్చినవాడికైతే కన్నుల పండుగే. శరభాంకుడు చూడటానికి రాలేదు.

కథలోకి ఇప్పుడే అడుగు పెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి పోతాను. మొదటినుంచీ వింటున్నవాళ్ళు ఆవలించకుండా ఓపిక పట్టండి. శరభాంకుడు కేసరిగిరి యువరాజు. అతనికి ఇందుకళ అని ఒక్కగానొక్క చెల్లెలు, ఇంకా పరికిణీ కట్టే పిల్ల. తండ్రిగారి మీద పగబట్టిన ధూమ్రజటుడనే మాంత్రికుడు ఆ పసిదాన్ని బూడిదరంగు కుందేలుగా మార్చి, తెచ్చి ఈ నీలికోన అడవిలో వదిలాడు. ఇక్కడ బూడిదరంగు కుందేళ్ళకు కొదవా? పైగా ఇవాళ ఏడాదికోసారి వచ్చే కుందేళ్ళ వేట. పొద్దుగూకేలోపు చెల్లెలు దొరక్కపోతే ఎవడి సంచిలోనో పడి ఏ పొయ్యిమీదికో ఎక్కుతుంది.

కొండమీది తపస్విని ఒకావిడ జాలిపడి, ఆకుపొట్లంలో చిటికెడు భస్మం ఇచ్చింది. కుందేలు నెత్తిన చల్లితే మనిషవుతుంది. అది ఒక్కరికే సరిపోతుంది. కానీ ఆ కుందేలు ఒంటినుంచి రక్తపు బొట్టు నేల మీద పడిందంటే ఇక ఏ భస్మమూ పనిచెయ్యదు. "ఇన్ని కుందేళ్ళలో నా చెల్లెల్ని ఎలా పోల్చుకునేది తల్లీ" అని అడిగితే ఆవిడ, "రూపం మారినా చెవులకు కుట్టించిన బెజ్జాలు పోవు నాయనా" అని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు. పెద్దవాళ్ళతో ఇదే గొడవ, సగం చెప్పి ధ్యానంలోకి పోతారు.

వలలూ ఉచ్చులూ తోరణం దగ్గరే లాగేసుకుంటున్నారు. విల్లు ఒక్కటే లోపలికి పోనిస్తారు. అందులోనూ నీలికోనవాళ్ళకొక కట్టుబాటు ఉంది. లోపలికి పోయేవాడు ఒకే రకం ములికి ఏరుకోవాలి. పిట్ట ఎదురైనా పులి ఎదురైనా దానితోనే తంటాలు పడాలి. ఏరుకున్నాక మార్చుకోవడం లేదు.

శరభాంకుడి వెంట వచ్చినవాడు గుండప్ప. కేసరిగిరి కోటలో ముసలి రౌతు, యువరాజును మొదటిసారి గుర్రమెక్కించినవాడు. ఇద్దరూ ఒంటికి మసి పూసుకుని, మేనమామా మేనల్లుడూ అయిన వేటగాళ్ళలా వేషం వేశారు. వేషం బాగానే కుదిరింది. గుండప్ప నోరే కుదరలేదు.

"ఇటు చూడండి బాబుగా..." అని నాలిక్కరుచుకున్నాడు. "ఇటు చూడరా కోనయ్యా. ఈ కత్తి ములికి తీసుకో. ఏది అడ్డమొచ్చినా దిగుతుంది."

ములుకుల ముందు కూర్చున్న గంగులమ్మ వక్క నములుతూ అతన్ని పైనుంచి కిందకి చూసింది. వేటకొచ్చేవాళ్ళ బాణాలకు ములుకులు బిగించి ఇచ్చేది ఆవిడే.

"కుందేలుకి కత్తి ములికేందయ్యా. ఇటు దూరి అటు పోద్ది. అది అట్టాగే పరిగెత్తి ఏ పొదలోనో పడి చస్తది. నీకు బాణమూ దక్కదు, కూరా దక్కదు."

"మరి ఈ చీలింది?" అన్నాడు శరభాంకుడు.

"అది ఎగిరే పిట్టలకి. రెక్క ఇరుక్కుంటది. నేలమీద కొట్టావా, గడ్డి కోసుకుపోవాల్సిందే."

"ఈ వంపుది?"

"మెడ తెంపుతది."

శరభాంకుడి చెయ్యి గబుక్కున వెనక్కి వచ్చింది. గంగులమ్మ నమలడం ఆపింది.

"అసలు నీకేం కావాల అబ్బీ?"

"కుందేలు పడాలి. చావకూడదు. చుక్క రక్తం రాకూడదు."

"పడాల, చావగూడదు," అని ఆవిడ ఆ మాటలే మళ్ళీ అనుకుని, గుండప్ప వైపు తిరిగి, "మీవోడికి ఒంట్లో బాగానే ఉందా" అని అడిగింది. గుండప్ప మీసం దువ్వుకున్నాడు.

ఆవిడ వెనక్కి వంగి ఒక గంప లాగింది. దానిలో ఉన్నవాటిని ములుకులనడానికి శరభాంకుడికి నోరు రాలేదు. మొన లేదు, అంచు లేదు, అన్నీ గుండ్లే. మొద్దు ములుకులు. గుచ్చుకోవు, మోదుతాయి. చెవి వెనక తగిలితే కుందేలు సొమ్మసిల్లి పడుతుంది. చెట్టుకి తగిలినా దిగబడకుండా కింద రాలుతుంది కనక బాణం పోదు. ఇంతవరకూ బాగానే అర్థమైంది. తర్వాతే అతనికి తల తిరిగింది. బూరుగుకర్ర గుండు తేలిక, గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. ఇనప గుండు బరువు, పుర్రె పగలగొడుతుంది. చుట్టూ చిన్న ముళ్ళున్నది బొచ్చు మీద జారదు, కానీ తోలు గీరుతుంది. గీరితే రక్తం. కొమ్ముతో చేసినది జారుతుంది, కానీ గీరదు.

శరభాంకుడు ఒక్కొక్కటే తీసి గుండప్ప అరచేతి మీద కొట్టి చూశాడు. ఇనప గుండు దగ్గరికి వచ్చేసరికి గుండప్ప, "చెయ్యి నాది బాబుగారూ" అని గొణిగాడు. అదృష్టం, అది గంగులమ్మ చెవిన పడలేదు. చివరికి కొమ్ము గుండు ఏరుకున్నాడు. ఏరుకున్నాక మళ్ళీ బూరుగుది తీశాడు. మళ్ళీ పెట్టేశాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు.

"నాకు మాత్రం కత్తి ములుకులే ఇవ్వు తల్లీ," అన్నాడు గుండప్ప. "ఇద్దరం గుండ్లే పట్టుకుపోతే, పులొచ్చినప్పుడు దానికి తలనొప్పి తెప్పించడం తప్ప ఏం చెయ్యలేం."

గంగులమ్మ కొమ్ము గుండ్లు బిగించి ఇస్తూ శరభాంకుడి ముఖంలోకి చూసి, "రాణిగారి మొక్కా?" అంది.

అదేం మొక్కో అతనికి తెలియదు. తెలియదంటే పరదేశి అని బయటపడుతుంది. "అవును" అని తలూపాడు. ఆవిడ కళ్ళకద్దుకుని అతని వింటికొమ్ముకు పసుపు దారం కట్టింది. ఆ తలూపడం ఎంత పనిచేసిందో ఇక చూడండి.

దంతాల తోరణం కింద తెల్ల ఏనుగు నిలిచింది. ముత్యాల జాలర్ల అంబారీలో నీలికోన రాజు నీలధ్వజుడు, నీలాల కిరీటం, భుజాన బంగారు కొమ్ము. వందిమాగధులు కీర్తించారు, నగారాలు మోగాయి, రాజు కొమ్ము పూరించాడు. ఆ శబ్దానికి లోయలో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. వేటగాళ్ళు విరుచుకుపడ్డారు.

అడవి అంతా కుందేళ్ళే. కాళ్ళ మధ్యనుంచి దూరేది ఒకటి, బండమీదినుంచి దూకేది ఒకటి. ఒకదాని చెవులు చూద్దామని వంగేలోపు పది పోతున్నాయి. శరభాంకుడు పొదల వెంట పడి చెవులు వెతుకుతుంటే పక్కనపోయే వేటగాడొకడు ఆగి, "ఏం పోగొట్టుకున్నావు అన్నా" అని అడిగాడు. గుండప్ప వెనకనుంచి ఆయాసపడుతూ, "మనసు," అని కేకేశాడు.

కొండవాలు దిగువన రేగుపొద ఉంది. దానిలోంచి చిన్న కుందేలొకటి బయటికి దూకి, పారిపోవడం మాని నేరుగా శరభాంకుడి వైపే రాసాగింది. అతను తెల్లబోయి విల్లెత్తాడు. దాని చెవులింకా సరిగ్గా చూడనే లేదు, వెనకనుంచి పెద్ద కుందేలొకటి వచ్చి దానికీ అతనికీ మధ్య నిలబడింది. నిలబడి చెవులెత్తింది. ఎండ దాని వెనక ఉంది. రెండు చెవుల్లోనూ రెండు బెజ్జాలు, వాటిలోంచి వెలుగు.

ఇంకేం ఆలోచిస్తాడు? వదిలాడు. కొమ్ము గుండు చెవి వెనక తగిలింది, పెద్ద కుందేలు వెల్లకిలా పడింది. చిన్నది ఒక్క క్షణం కొయ్యబారి నిలిచి, గిరుక్కున తిరిగి గడ్డిలోకి మాయమైంది.

"కొంచెం పెద్దదిగా లేదూ," అన్నాడు గుండప్ప.

"బెజ్జాలు చూశాను."

"అమ్మాయిగారు కాస్త బొద్దుగానే ఉండేవారు లెండి."

ఇద్దరూ పరిగెత్తారు. వాళ్ళకంటే ముందు ఎర్ర తలపాగా వాడొకడు చెట్టుచాటునుంచి వచ్చి కుందేల్ని వెనక కాళ్ళు పట్టి ఎత్తాడు. బొచ్చు నిమిరి చూసి మెచ్చుకోలుగా నవ్వాడు.

"మంచి దెబ్బ అబ్బీ. వెంట్రుక చెదరలా. మొక్కు చెల్లింది పో."

"అది నాది," అన్నాడు శరభాంకుడు.

"నీదెట్టా అయిద్ది? పసుపు దారం కట్టించుకున్నావుగా. కత్తి ములికితో కొట్టింది కొట్టినోడిది. మొద్దు ములికితో పడింది రాణిగారిది. చిల్లులేని తోలు రాణిగారి శాలువాకి పోవాల. ఈ దేశంలో చంటిపిల్లల్నడిగినా చెప్తారు."

"అది ఇంకా బతికే ఉందయ్యా."

"బతికే ఉంటది. అందుకేగా నేనున్నది," అని అతను కుందేలు మెడ చుట్టూ వేళ్ళు బిగించాడు.

అప్పుడు తెలిసింది శరభాంకుడికి, తను చెల్లెల్ని బతికించడానికి ఏరుకున్న ములికే చెల్లెల్ని కటికవాడి చేతిలో పెట్టిందని. ఒళ్ళు చల్లబడింది. చేతులు మాత్రం చల్లబడలేదు. రెండో బాణం రివ్వున పోయి ఎర్ర తలపాగావాడి మణికట్టు మీద తగిలింది. వాడు అబ్బా అని చెయ్యి విదిలించాడు, కుందేలు జారింది, శరభాంకుడు దాన్ని నేలకి తగలకుండా అందుకుని పరుగు లంకించుకున్నాడు.

"రాణిగారి కుందేల్ని ఎత్తుకుపోతున్నాడు, పట్టుకోండి," అని వెనక కేక. కొండవాలు మీద రౌతులు గుర్రాలు మళ్ళించారు.

ఇక పరుగే పరుగు. ముళ్ళపొదలు ఒళ్ళంతా చీరుతున్నాయి, రక్తం తనది తప్ప కుందేలుది కాకూడదని దాన్ని పొట్టకి హత్తుకుని ఉరుకుతున్నాడు. ముందర లోయ. లోయ మీద తీగల వంతెన. ఇద్దరూ ఊగుతూ దాటారు. మొదటి రౌతు గుర్రం దిగి వంతెన మీద కాలు పెట్టాడు. శరభాంకుడు కుందేల్ని గుండప్ప చేతికిచ్చి, కొమ్ము గుండు బాణంతో రౌతు గుండెమీద కొట్టాడు. వాడు వెనక్కిపడి ఇంకో ఇద్దర్ని పడగొట్టాడు. ఈలోపు గుండప్ప కుందేల్ని చంకలో ఇరికించుకుని, కత్తి ములికితో వంతెన తీగలు పరపరా కోసేశాడు. వంతెన చప్పుడు చేస్తూ లోయలోకి వేలాడింది.

"నే చెప్పలా, కత్తి ములికి పనికొస్తుందని," అన్నాడు గుండప్ప. ఆ ముఖంలో వెలుగు చూసి తీరాలి.

కొంచెం ఎగువన లోయలోకి దూకే జలపాతం ఉంది. ఆ నీటితెర వెనక గుహ. లోపలికి పోయి శరభాంకుడు కుందేల్ని మెత్తని ఇసుక మీద పడుకోబెట్టాడు. రోజుల తరబడి బిగబట్టుకున్న ఊపిరి వదిలాడు. "అయిపోయిందమ్మా, వచ్చేశాను," అంటూ ఆకుపొట్లం విప్పి, చిటికెడు భస్మమూ కుందేలు నెత్తిన చల్లాడు.

గుహ నిండా నీలిపొగ కమ్మింది. కస్తూరి వాసన వేసింది. పొగలోంచి దగ్గు వినిపించింది. పరికిణీ కట్టే పిల్ల దగ్గు కాదది.

పొగ తేలిపోయేసరికి ఇసుక మీద గుబురు గడ్డమున్న పెద్దమనిషి ఒకాయన కూర్చుని చెవి వెనక తడుముకుంటున్నాడు. అక్కడ కోడిగుడ్డంత బొప్పి.

"ఎవరయ్యా కొట్టింది?" అన్నాడు.

గుండప్ప గుహ మూలలన్నీ వెతికి వచ్చాడు, ఇందుకళ ఇంకెక్కడైనా ఉందేమోనని.

"మీరెవరు?" అన్నాడు చివరికి యువరాజు.

"నీలధ్వజుణ్ణి. ఈ నీలికోన నాది."

"నీలధ్వజులవారు పొద్దున్న తెల్ల ఏనుగెక్కి కొమ్ము ఊదారండీ," అన్నాడు గుండప్ప. "ఈ రెండు కళ్ళతో చూశాను."

"వాడు ధూమ్రజటుడు. నా రూపు తను వేసుకుని, కుందేలు రూపు నాకు తగిలించాడు. వాడి చేత్తో చంపితే మంత్రం వాడికే ఎదురు తిరుగుతుంది. అందుకని నా జనం చేతే నన్ను కొట్టించాలని కూర్చున్నాడు."

శరభాంకుడికి ఇదేదీ తలకెక్కడం లేదు. అతని చూపు ఆయన చెవుల మీదే ఉంది. "మీ చెవులకు బెజ్జాలున్నాయి," అన్నాడు, ఆయన ఏదో నేరం చేసినట్టు.

"ఉండవా మరి? మాలో మగపిల్లలకీ కుట్టిస్తాం. మీ ఇంట్లో కుట్టించరా?"

శరభాంకుడి చెయ్యి మెల్లిగా తన చెవి మీదకి పోయింది. అక్కడా బెజ్జం ఉంది. వేషం కోసం కుండలాలు తనే విప్పి మూటలో కట్టుకున్నాడు. గుండప్ప కూడా తన చెవి తడుముకుని చెయ్యి దించేశాడు. ఇన్నాళ్ళూ ఇద్దరికిద్దరూ చెవులు కుట్టించుకుని తిరుగుతూ, బెజ్జాల చెవులంటే ఆడపిల్లే అనుకున్నారు. ఏమనాలి వీళ్ళని? నాకైతే రెండు తగిలించాలనిపిస్తుంది.

శరభాంకుడు పొట్లం ఆకు విప్పి చూశాడు, తిరగేసి చూశాడు, నాలికతో కూడా అద్ది చూశాడు. రేణువు మిగల్లేదు.

"నా చెల్లెలు, ఇందుకళ అని," అన్నాడు. "ఈ అడవిలోనే ఉంది. కొండమీది తపస్విని భస్మం ఇచ్చింది దానికోసమే. చిన్నపిల్ల. మీకేమైనా..."

నీలధ్వజుడు తడుముకోవడం ఆపాడు.

"ఆ పిల్ల అన్నయ్యవి నువ్వేనా," అన్నాడు. "వచ్చినప్పటినుంచీ నా దగ్గరే ఉంది. చలేస్తే నా పొట్ట కింద దూరి పడుకునేది. కుందేళ్ళ మాటలు కుందేళ్ళకి తెలుస్తాయిలే. మా అన్నయ్య వస్తాడు, మా అన్నయ్య వస్తాడు అని ఒకటే పాట. ఇవాళ నిన్ను చూడగానే రేగుపొదలోంచి దూకింది. మసి పూసుకున్నా నడక చూసి పోల్చింది. ఆగమంటే వినలేదు. ఎదురొచ్చింది."

శరభాంకుడి చేతిలోని ఖాళీ ఆకు జారి ఇసుకలో పడింది.

"నువ్వు విల్లెత్తావు," అన్నాడు రాజు. "నీ బాణానికి మొన లేదని నాకేం తెలుసు? పసిపిల్ల చస్తుందని అడ్డం పడ్డాను."

యువరాజు నేలమీద కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. వీరులు ఏడవరాదంటారు గాని, ఆ స్థానంలో ఉంటే తెలుస్తుంది. తను చూసింది చూసినట్టే మళ్ళీ కనబడుతోంది అతనికి. పరుగెత్తుకుంటూ వచ్చిన చిన్న కుందేలు, కొయ్యబారి నిలిచిన చిన్న కుందేలు, తనను చూసి పారిపోయిన చిన్న కుందేలు.

అవతలి గట్టున డప్పులు మొదలయ్యాయి. నీలధ్వజుడు లేచాడు.

"రెండో తోలకం. జంతువుల్ని బయటికి తరమడానికి పొదలన్నీ బాదుకుంటూ వస్తారు. ఏదీ మిగలదు. నువ్వా పిల్లని ప్రాణాలతో ఎత్తుకొస్తే, భస్మం కోసం ఆ తపస్విని కాళ్ళు నేను పట్టుకుంటాను. కానీ వినవయ్యా, ఇప్పుడా అడవిలో అందరికంటే ఎక్కువ నిన్ను చూసే భయపడుతుంది."

గుండప్ప తన అమ్ములపొది విప్పి ముందు పెట్టాడు. "నావి తీసుకోండి బాబుగారూ. గుండ్లతో ఆ జనంలోకి పోతే తిరిగి రారు."

శరభాంకుడు కత్తి ములుకుల వైపు చూశాడు, తన దగ్గర మిగిలిన కొమ్ము గుండ్ల వైపు చూశాడు. విల్లు తీసి గుండప్ప ఒళ్ళో పెట్టాడు.

"ఏ ములికి పట్టుకుపోయినా చెల్లెలు నా దగ్గరికి రాదు గుండప్పా," అని నీటితెరలోంచి బయటికి దూకాడు. జలపాతం ఒంటిమీది మసినంతా కడిగేసింది. బండలు పట్టుకుని లోయలోకి దిగి, వేలాడుతున్న వంతెన తీగల వెంట అవతలి గట్టు ఎక్కాడు. ఎక్కగానే రౌతులు చూశారు. "వాడే," అన్నాడొకడు. శరభాంకుడు ఆగలేదు. రేగుపొద పక్కన పచ్చగడ్డిలోకి పోయి మోకాళ్ళ మీద కూర్చుని, ఖాళీ చేతులు ముందుకు చాపాడు.

"ఇందూ," అన్నాడు. "నేనేరా. చూడు, ఏం తేలేదు."

డప్పులు దగ్గరవుతున్నాయి. గడ్డి కదిలింది. బూడిదరంగు ముఖం ఒకటి పైకి వచ్చి, అతని చేతుల వైపు చూసింది. చెయ్యి చాపితే అందేంత దూరం. పట్టుకోబోతే పారిపోతుంది, పట్టుకోకపోతే ఇద్దరూ పోతారు. కుందేలు ఒక్క అడుగు ముందుకు వేసి ఆగింది.

వెనక గుర్రాలు నిలిచాయి. విళ్ళ అల్లెతాళ్ళు వెనక్కి లాగిన చప్పుడు శరభాంకుడికి వినిపించింది. అతను తల తిప్పలేదు, చేతులు దించలేదు.

"రా అమ్మా," అన్నాడు.